శనివారం ఇచ్చిన ఇనుము

పోయిన వారం మనం పరంధామయ్యను టెలిఫోను పక్కన నిలబెట్టి వచ్చాం. ఆయన కొడుకు జగదీష్ కేసు చూస్తున్న లాయరమ్మ అవతల చెప్పవలసింది చెప్పి ముగించింది. ఈయన మాత్రం రిసీవరును చెవి నుంచి దించలేదు. కారు మీ దగ్గరే భద్రంగా ఉంది కదా, దానిని ఎవరినీ ముట్టనివ్వకండి, మీ అబ్బాయి తరఫున మాట్లాడగలిగిన సాక్షి అదొక్కటే అన్నది ఆమె. ఆ సాక్షిని అంతకు ముందటి శనివారమే పరంధామయ్య తాళంచెవితో సహా ఒక సేవాసంస్థకు దానమిచ్చేశాడు.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారి కోసం మరికొన్ని మాటలు. జగదీష్ ఒక ఇంటర్నెట్ కంపెనీలో ప్రోగ్రామరు. సింగపూరులో కంప్యూటరు తెలిసిన ప్రతి కుర్రవాడూ వచ్చే ఏడాదికి ధనవంతుణ్ణయిపోతానని నమ్ముతున్న కాలం అది. కంపెనీ వెబ్‌సైటు తెరిచే రోజు దగ్గరపడడంతో అతడు ఆఫీసులోనే తిని, బల్ల కిందనే పడుకుని, ఒకనాటి ఉదయం తన పాత కారులో బెడోక్‌లోని ఇంటికి తిరిగి వస్తూ, రోడ్డు దాటుతున్న ఒక స్త్రీని గుద్దాడు. ఆమె ఒక బడి క్యాంటీనులో వంటమనిషి. ఆసుపత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. బ్రేకు తొక్కితే పెడల్ అడుగుదాకా దిగిపోయిందని జగదీష్ మొదటి నుంచీ ఒకే మాట చెబుతున్నాడు. ఆ మధ్యాహ్నం కారును పరీక్షించి తిరిగి అప్పగించిన పోలీసు నిపుణులకు మాత్రం పెడల్ గట్టిగానే తగిలింది. బ్రేకు చక్కగా పనిచేసింది. కోర్టు వాయిదా వచ్చే వారమే.

జీవితమంతా బడిపిల్లలకు సైన్సు చెప్పి రిటైరయిన పరంధామయ్యకు ఈ రెండింటిలో దేనిని నమ్మాలో తేల్చుకోవడానికి క్షణం పట్టలేదు. ఉదయం చెడి మధ్యాహ్నానికి దానంతటదే బాగుపడే యంత్రాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. నిద్రలేని మనిషికి కునుకు పట్టడం మాత్రం లోకంలో ఉన్నదే. కొడుకు కునుకు తీశాడు, ఇప్పుడు భయంతో అబద్ధమాడుతున్నాడు. అలా నిశ్చయించుకున్నాక పార్కింగ్ అంతస్తులో ఆ కారును చూసినప్పుడల్లా ఆయనకు తల తిరిగేది. ఇన్సూరెన్సు సౌకర్యం కోసం దానిని తన పేరనే కొన్నారు గనుక, ఇవ్వడానికి ఎవరినీ అడగనక్కరలేకపోయింది. శనివారమే ఇవ్వాలని భార్య సూరమ్మ పట్టుబట్టినప్పుడు, ఏ వారమైతే ఏమిటని నవ్వి ఊరుకున్నాడు.

లాయరమ్మ ఫోను పెట్టే ముందు ఇంకొక మాట కూడా అన్నది. ఆ ఉదయం కారులో ఎడమవైపు నుంచి ఏదో కాలుతున్న వాసన వచ్చిందని మీ అబ్బాయి నిన్ననే నాకు చెప్పాడు, నేను సలహా అడిగిన ఇంజనీరు ఆ మాట వినగానే ముందరి ఎడమ చక్రం దగ్గరి బ్రేకును విప్పి చూడాలన్నాడు అని. వాసన సంగతి పరంధామయ్య వినడం అదే మొదటిసారి. కనీసం ఆయన అలాగే అనుకున్నాడు.

మరునాడు ఉదయం ఆయన జురాంగ్ వెస్ట్ చేరేసరికి సేవాసంస్థ తలుపులు అప్పుడే తీస్తున్నారు. ఒక పెద్ద నివాసపు బ్లాకు అడుగున, స్తంభాల మధ్య ఖాళీకి గోడలు కట్టి చేసిన కేంద్రం అది. కిడ్నీలు చెడినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు పగలంతా అక్కడ ఉంటారు. ఆవరణలో వాలుచెక్క అమర్చిన తెల్లని వ్యాను నిలిచి ఉంది. దాని పక్కన తన కారు కనిపిస్తుందేమోనని పరంధామయ్య కళ్ళు వెదికాయి. ఇన్నాళ్ళూ ఆయన మనసులో ఉన్న బొమ్మ అదే. తన కారు వెనుక సీటులో ఒక ముసలివాడు కిటికీకి తల ఆనించి చికిత్సకు వెళుతుంటాడు. ఒకరిని పడగొట్టిన బండి ఒకరిని మోసుకుపోతుంటుంది. ఆ బొమ్మను తలుచుకుని ఆయన కొన్ని రాత్రులు నిద్రపోగలిగాడు.

దానాల వ్యవహారం చూసే నళిని ఆయనను దూరం నుంచే గుర్తుపట్టి ఎదురు వచ్చింది. మలేసియాలో పుట్టి, పని కోసం ఇటు వచ్చి స్థిరపడిన తెలుగుపిల్ల. ఉగాది సభల్లో సూరమ్మకు పరిచయం.

“రండి అంకుల్, కూర్చోండి. మకాన్ అయిందా, ఏమైనా తిన్నారా? లేదంటే కోపి తెప్పిస్తాను.”

“ఏమీ వద్దమ్మా. ఇచ్చిన కారు మళ్ళీ అడగడానికి వచ్చాను.”

నళిని నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన లాయరమ్మ చెప్పినదంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న వేయకుండా విన్నది.

“కారు మా దగ్గరకి రాదు అంకుల్,” అన్నది చివరకు. “ఎవరు ఇచ్చినా సరే, రాదు. మేం దాన్ని కంటితో కూడా చూడం.”

ఆ తరువాత ఆమె వివరించింది. ఈ దీవిలో కారు కొనడం వేరు, దానిని రోడ్డుమీద తిప్పే హక్కు కొనడం వేరు. ఆ హక్కు పదేళ్ళకే ఇస్తారు. గడువు తీరకముందే ఎవరైనా కారును వదులుకుంటే, మిగిలిన కాలానికి తగినట్టు ప్రభుత్వం కొంత వెనక్కి ఇస్తుంది. సేవాసంస్థకు దక్కే దానం అదే. దాత సంతకం చేస్తాడు, డీలరు వచ్చి కారును లాక్కుపోతాడు, దాని రిజిస్ట్రేషను రద్దు చేయిస్తాడు, తిరిగి వచ్చినది సంస్థకు చేరుతుంది. ఆ సంతకంతో కారు చట్టం దృష్టిలో కారు కాకుండా పోతుంది. మళ్ళీ ఈ దేశంలో అది చక్రం కదపడానికి వీలులేదు. మిగిలేది ఉత్త ఇనుము. ఆ ఇనుముకు రెండు దారులున్నాయి: పాత కార్లు కొనే దేశాలకు ఓడలో వెళ్ళడం, లేదా ఇక్కడే యార్డులో నలిగిపోవడం.

పరంధామయ్య ఈ మాటలన్నీ శ్రద్ధగా విన్నాడు. ఎంతోమంది పిల్లలు తన పాఠాన్ని విన్నట్టు నటిస్తుంటే చూసిన మనిషి గనుక, వినడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. తన చేతి సంతకం కింద జరిగినదేమిటో ఆయనకు ఇప్పుడు అర్థమైంది. కాగితాలు తన ముందు పెట్టిన రోజున నళిని ఇదంతా చెప్పే ఉంటుంది. ఆ రోజు ఆయన వెనుక సీటులోని ముసలివాడినే చూస్తున్నాడు.

“అయితే ఓడ ఎక్కి ఉంటుందా? రేవులో ఉన్నా చాలు. రోడ్డెక్కించనక్కరలేదమ్మా. అది నిలబడి ఉన్నచోటే ఇంజనీరు వచ్చి చూస్తాడు.”

నళిని బల్లమీది పెన్నును అటూ ఇటూ జరిపింది.

“మామూలుగా అయితే ఓడకే పోవలసింది అంకుల్. డీలర్లకి అదే లాభం. మీ కారు చూసి అతను ఎక్స్‌పోర్ట్‌కి పంపుతాననే అన్నాడు.” ఆమె పెన్నును వదిలేసింది. “ఆంటీ మీకు చెప్పలేదా?”

“ఏ ఆంటీ?”

“మన సూరమ్మ ఆంటీయే. కారు ఇచ్చిన తర్వాత మండే నా దగ్గరకి వచ్చారు. ఒక్కరే వచ్చారు, ట్రైన్‌లో. ఆ కారుని ఏ దేశంలోనూ ఎవరూ నడపకూడదు, దాని ఇనుము ఇనుముగానే పోవాలి, నలగ్గొట్టించు తల్లీ అని నా చేతులు పట్టుకున్నారు. నేను కాదనలేకపోయాను అంకుల్. ఇచ్చేవాళ్ళకి ఏవేవో కోరికలు ఉంటాయి. ఒకాయన స్టీరింగ్ వీల్ తీసుకుని వెళ్ళారు. ఒకావిడ కారుకి హారతి ఇచ్చి ఏడ్చారు. ఆంటీది కూడా అలాంటిదే అనుకున్నాను. డీలర్ ఒప్పుకోకపోతే బతిమాలి ఒప్పించాను.”

 నళిని ఫోను తీసి యార్డుకు చేసింది. మలయ్‌లో కొంత, ఇంగ్లీషులో కొంత మాట్లాడింది. నంబరు రెండుసార్లు చెప్పింది. అవతలి మనిషి వెదికి వచ్చేదాకా ఆమె ఆయనవైపు చూడకుండా గోడవైపు చూసింది. పక్క హాలులో ముసలివాళ్ళ చేత చేతుల వ్యాయామం చేయిస్తున్నారు. టేపురికార్డరు ఏదో చైనా పాట వినిపిస్తోంది. ఒక అవ్వ పాటకంటే వెనుకబడి, అందరూ దించిన తరువాత చేతులెత్తుతోంది.

“నిన్న సాయంత్రం అయిపోయిందట,” అన్నది నళిని, ఫోను పెట్టకుండానే.

అయిపోవడమంటే ఏమిటని ఆయన అడిగాడు. అర్థం కాక అడిగిన ప్రశ్న కాదని ఆమెకు తెలుసు. అయినా తన రెండు అరచేతులను ఎదురెదురుగా పెట్టి, నెమ్మదిగా దగ్గరకు తెచ్చి చూపించింది.

బూన్ లే స్టేషనులో రైలు ఎక్కితే బెడోక్ దాకా మారవలసిన పని లేదు. దీవి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒకే పెట్టెలో కూర్చుని పోవచ్చు. పరంధామయ్యకు కూర్చోవడానికి చోటు దొరికింది. ఎదుటి వరుసలో టై కట్టిన ఇద్దరు కుర్రవాళ్ళు తమ కంపెనీ షేరు మార్కెట్టుకు ఎప్పుడు వెళుతుందో, వెళితే ఎవరెవరు ఉద్యోగం మానేయవచ్చునో మాట్లాడుకుంటున్నారు. జగదీష్ కూడా మొన్నటిదాకా ఇలాగే మాట్లాడేవాడు.

కాలుతున్న వాసన. ఆ మాట ముందురాత్రి నుంచీ ఆయనను వదలలేదు. భార్యమీద రావలసిన కోపం కూడా దాని వెనుకనే నిలబడి వేచి ఉంది.

ఎడమ చక్రం దగ్గర బ్రేకు పట్టుకుని వదలలేదనుకుందాం. తుప్పు వల్లనో, మురికి వల్లనో సగం బిగిసి అలాగే ఉండిపోయింది. అప్పుడు కారు నడుస్తున్నంతసేపూ ఆ చక్రం రాపిడికి గురవుతూనే ఉంటుంది. రాపిడి వల్ల వేడి పుడుతుంది. వాసన వస్తుంది. ఇంతవరకు ఆరవ తరగతి పిల్లవాడు చెప్పగలడు. ఆ వేడి అక్కడే ఆగదు, బ్రేకుగొట్టంలోని ద్రవానికి పాకుతుంది. ఏళ్ళ తరబడి మార్చని ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని ఉంటుంది. తేమ చేరిన ద్రవం త్వరగా మరుగుతుంది. మరిగితే బుడగలు పుడతాయి.



ఏటేటా ఆయన క్లాసులో చేసి చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. రెండు సిరంజీలు, వాటిని కలిపే సన్నని గొట్టం, లోపల పర్మాంగనేటు కలిపిన ఊదారంగు నీరు. ఈ సిరంజీని నొక్కితే ఆ సిరంజీ కదులుతుంది. ‘ద్రవం నలగదు, అందుకే మీ నాన్న కాలితో తొక్కితే చక్రం ఆగుతుంది’ అనేవాడు. ఆ తరువాత గొట్టంలోకి కావాలని ఒక గాలిబుడగను వదిలేవాడు. అప్పుడు ఎంత నొక్కినా అవతలి సిరంజీ కదలదు. నొక్కిన బలమంతా బుడగ మింగేస్తుంది. పిల్లలు నవ్వేవారు. వెనుక బెంచీవాళ్ళు కూడా తలలెత్తి చూసే పాఠం అదొక్కటే.

చల్లారితే బుడగలు మళ్ళీ ద్రవమైపోతాయి. కొన్ని గంటల తరువాత ఎవరు తొక్కి చూసినా పెడల్ గట్టిగానే తగులుతుంది. పరీక్షించినవారిది తప్పు కాదు. వారు చూసింది చల్లారిన కారును.

ఉదయం చెడి మధ్యాహ్నానికి బాగుపడే యంత్రం ఉంది. దాని సంగతి ఆయనకు తెలుసు. దానిని చేతులతో పట్టుకుని పిల్లలకు చూపించాడు. సొంత కొడుకు ఎదుట నిలబడి అదే మాట చెబితే, అలాంటిది లోకంలో లేదన్నాడు. జాతకాలు చూపించుకునేవాళ్ళను ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చాడు: ముందు తీర్పు చెప్పుకుని తరువాత సాక్ష్యం వెదుక్కుంటారేమిటని. ఆయన చేసినది అంతకంటే నాసి పని. సాక్ష్యం తానే నడిచివచ్చి మాట్లాడబోతే నోరు మూయించాడు.

అనుకున్నదంతా నిజమని ఆయనకు తెలియదు. అలా జరిగి ఉండవచ్చునని మాత్రమే తెలుసు. విప్పి చూస్తే తేలిపోయేది. విప్పి చూడడానికి ఇప్పుడు ఏమీ లేదు.

రైలు భూమిలోనుంచి పైకి వచ్చింది. బెడోక్ వస్తున్నదని మైకులో చెప్పేదాకా ఆయన కదలలేదు.

ఇల్లు పోపు వాసనతో నిండి ఉంది. కారు పోయిన శనివారం నుంచి సూరమ్మ మళ్ళీ రెండు పూటలా వండుతోంది. ఆమె ముఖంలో తేట వచ్చింది. కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో ప్రశాంతంగా నిద్రపోతున్న మనిషి ఆమె ఒక్కతే.

“ఏటండీ, గుమ్మంలోనే నిలబడిపోయారు? చెప్పులు విప్పండి. ఎక్కడికెళ్ళారో చెప్పి వెళ్ళొచ్చు గదా.”

“నళిని దగ్గరకు వెళ్ళాను.”

సూరమ్మ చేతిలో గరిటె ఆగింది.

“కారును నలగ్గొట్టించమని చెప్పావా?”

“చెప్పాను.” ఆమె స్టవ్ ఆపి, చేతులు తుడుచుకుని బయటకు వచ్చింది. “మీకు చెప్పలేదన్న మాట నిజమే. చెబితే నవ్వుతారు. మీరు నవ్వితే నాకు పని జరగదు.”

ఆ తరువాత ఆమె దాచకుండా అంతా చెప్పింది. జగదీష్‌కు ఏలినాటి శని నడుస్తున్నదని, ఇనుమూ నువ్వులూ నూనే దానమిస్తే తప్ప జైలు తప్పదని సిద్ధాంతి చెప్పాడు. ఇంట్లో కారు కంటే పెద్ద ఇనుము ఏముంది? భర్త తనంతట తానే కారు దానమిస్తానన్నప్పుడు దేవుడే ఆయన నోట పలికించాడనుకుంది. శనివారం తెల్లవారుతూనే కిందికి దిగి, డ్రైవరు సీటుకింద నల్లగుడ్డలో నువ్వులు కట్టి పెట్టింది. ముందు చక్రాలమీద నూనె పోసింది. కారును లాక్కుపోతుంటే వెనుదిరిగి చూడకుండా లిఫ్టు ఎక్కింది.

“అయితే అంతటితో అయిపోయింది కదా. మళ్ళీ నళిని దగ్గరకెందుకు?”

సూరమ్మ కుర్చీ వెనుక భాగాన్ని పట్టుకుని నిలబడింది.

“శనిదానం ఊరికే పోదండీ. పుచ్చుకున్నోళ్ళకి చుట్టుకుంటుంది. ఇచ్చినప్పుడు నాకా ఆలోచన రాలేదు. ఆదివారమంతా అదే గుబులు. ఆ కేంద్రంలో ఉన్నోళ్ళెవరు? చేతులనిండా సూదులు గుచ్చుకుని పడున్నోళ్ళు. ఆళ్ళ నెత్తిన పెడతానా నా కొడుకు శని? ఓడెక్కి ఏ దేశమో పోతే అక్కడ దాన్ని కొనుక్కున్నోడికీ పిల్లలుంటారు గదా. అందుకే ఎవరికీ అంటకుండా నలగ్గొట్టించమన్నాను. ఇనుము నలిగిపోతే దాంతోపాటు అదీ పోతుంది.”

రైలులో తన వెనుక వేచి ఉన్న కోపం కోసం పరంధామయ్య వెదుక్కున్నాడు. అది కనిపించలేదు. ఆమె నమ్మినది తప్పు, ఆ సంగతి ఆయనకు ఇప్పటికీ సందేహం లేదు. కానీ ఆ నమ్మకంలోనుంచి ఆమె ఎక్కడికి వెళ్ళిందో చూస్తే, ముఖమైనా తెలియని పరాయివాళ్ళ దగ్గరకు వెళ్ళింది. తాను ఎంతో సరైన సూత్రాలతో బయలుదేరి కన్నకొడుకు దగ్గరికైనా వెళ్ళలేకపోయాడు.

లాయరమ్మ చెప్పిన సంగతి ఆయన భార్యకు చెప్పాడు. కారులోనే రుజువు ఉండవచ్చునని, ఆ రుజువు నిన్న సాయంత్రం నలిగిపోయిందని చెప్పాడు. సూరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమైన తరువాత ఆమె నెమ్మదిగా నేలమీద కూర్చుంది. ఏడవలేదు. వంటింటి గడపమీద ఉన్న నీటితడిని కొంగుతో తుడవసాగింది. ఆ చోటు ఆరిపోయిన తరువాత కూడా తుడుస్తూనే ఉంది.

“వాట్ హ్యాపెన్డ్?”

జగదీష్ తన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కంపెనీ అతణ్ణి సెలవులో ఉండమన్నది. ఆ వెబ్‌సైటు అతడు లేకుండానే తెరుచుకుంది. అతడు ఎంత విన్నాడో పరంధామయ్యకు తెలియలేదు.

“జగ్గూ, ఆ రోజు కారులో కాలుతున్న వాసన వచ్చిందా?”

“వచ్చింది.”

“బండి బరువుగా లాగినట్టు అనిపించిందా? ఎడమవైపుకు ఈడ్చినట్టు?”

“యెస్. ఎక్స్‌ప్రెస్‌వే అంతా. సర్వీస్ చేయించాలి అనుకున్నా, కానీ టైమ్ ఎక్కడ?”

“మరి నాకెందుకు చెప్పలేదురా?”

జగదీష్ తండ్రివైపు కాసేపు చూశాడు. ఆ చూపులో నింద లేదు. మరచిపోయిన మనిషికి గుర్తుచేసే ఓపిక మాత్రమే ఉంది.

“చెప్పాను నాన్నా. హాస్పిటల్ కారిడార్‌లో. స్మెల్ వచ్చింది అని స్టార్ట్ చేశాను. మీరు చెయ్యి ఎత్తారు. క్లాస్‌లో ఎత్తుతారు చూడండి, చాలు కూర్చో అని, అలా.”

పరంధామయ్యకు ఆ కారిడారు గుర్తుకు వచ్చింది. మందుల వాసన, కొడుకు చొక్కామీద ఎవరిదో నెత్తురు. చెయ్యి ఎత్తిన సంగతి మాత్రం గుర్తు లేదు. ఎత్తే ఉంటాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఎత్తిన చెయ్యి, దానికి ఆయన అనుమతి అక్కరలేదు.

ఆయన కొడుకును కూర్చోబెట్టి మరిగే ద్రవం సంగతి, బుడగల సంగతి చెప్పాడు.  జగదీష్ చిన్నప్పుడు విన్నట్టే ముందుకు వంగి విన్నాడు. ఒకచోట అతడి కళ్ళు వెలిగాయి. పెడల్ కిందికి దిగిపోయిన ఆ క్షణం తాను కల్పించుకున్నది కాదని, దానికి కారణం ఉండగలదని తెలిసిన వెలుగు అది. అంతలోనే ఆరిపోయింది.

“సో నౌ యూ బిలీవ్ మీ.”

“నమ్ముతున్నాను.”

“నౌ నో యూజ్ లాహ్, నాన్నా.” అతడు నవ్వడానికి ప్రయత్నించాడు. “మీకో సంగతి తెలుసా? లాయర్ ఫస్ట్ డే నుంచి అడుగుతోంది, ఏదైనా గుర్తుందా అని. స్మెల్ సంగతి నేను చెప్పలేదు. వై? మీరంత ష్యూర్‌గా ఉన్నారు. సైన్స్‌లో మీరెప్పుడూ రాంగ్ కాదు. సో నాకే డౌట్ వచ్చింది. నిద్రపోయానేమో, కలలో బ్రేక్ తొక్కానేమో, స్మెల్ కూడా కలేనేమో. మొన్న ఆవిడ పాత ప్రశ్నలే మళ్ళీ అడిగితే నోరు జారి చెప్పేశా. ఫస్ట్ వీక్‌లోనే చెప్పి ఉంటే కారు ఇక్కడే ఉండేది.”

 ఇన్నాళ్ళూ కొడుకు నిజాన్ని దాచాడని పరంధామయ్య బాధపడ్డాడు. ఆ పిల్లవాడు తాను స్వయంగా అనుభవించినదానిని తండ్రి మాట మీద గౌరవంతో వదులుకున్నాడు. ఇంత దారుణమైన శిష్యరికాన్ని ఏ గురువు కోరుకుంటాడు?

“గిల్టీ అని చెప్పేస్తాను,” అన్నాడు జగదీష్. “వచ్చే వారం. ఇంక లాయర్‌ని ఇబ్బంది పెట్టొద్దు. ఆ ఆంటీ కళ్ళు తెరిచినా తెరవకపోయినా, గుద్దింది నా కారే కదా.”

“అలా అనకురా,” అన్నది సూరమ్మ నేలమీద నుంచి. “నాను చేసిన పనికి నువ్వెందుకు ఒప్పుకోవాలి?”

“నీ వల్ల కాదమ్మా. ఎవరి వల్లా కాదు. తిందాం, ఆకలేస్తోంది.”

ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. సూరమ్మ వడ్డించింది. ఎవరూ కలుపుకోలేదు. కిటికీలోనుంచి పక్క బ్లాకులో ఎవరో గోడకు మేకు కొడుతున్న చప్పుడు వస్తోంది. కొడుకు ముఖంలోని ఆ నెమ్మదిని చూస్తే పరంధామయ్యకు భయం వేసింది. తప్పు చేయనివాడు తప్పు ఒప్పుకోవడానికి సిద్ధపడినప్పుడు వచ్చే నెమ్మది అది. దానిని చెదరగొట్టడానికి ఆయన దగ్గర ఒక్క మాట కూడా మిగలలేదు. నమ్ముతున్నానన్న మాట ఉంది. అది వాడవలసిన రోజున వాడలేదు.

టెలిఫోను మోగింది. ఎవరూ లేవకపోతే పరంధామయ్యే లేచాడు. అవతల నళిని. మాట గబగబా, ఊపిరాడనట్టు వస్తోంది.

“అంకుల్, మీరు వెళ్ళాక నాకు కూర్చోవడానికి మనసొప్పలేదు. యార్డ్‌కి వెళ్ళాను. కారు నలిగిపోయిన మాట నిజమే. కానీ నలగ్గొట్టే ముందు అమ్ముడయ్యే పార్ట్స్ అన్నీ విప్పేస్తారంట. అద్దాలు, లైట్లు, సీట్లు. ముందు చక్రాల బ్రేక్ సెట్ కూడా విప్పారు అంకుల్, రెండు వైపులా. అది నలగలేదు.”

పరంధామయ్య రిసీవరును చెవికి గట్టిగా నొక్కుకున్నాడు. ద్రవం పోయినా ఫరవాలేదు. బిగుసుకుని వదలని గుణం ఉంటే ఆ ఇనుపముక్కలోనే ఉంటుంది. విప్పి చూస్తే కనిపిస్తుంది. ఆయన జగదీష్‌వైపు తిరిగి చేత్తో రమ్మని సైగ చేశాడు.

“ఎక్కడుంది? యార్డులోనే ఉందా?”

“లేదు. దగ్గర్లో ఒక వర్క్‌షాప్ వాళ్ళు కొనుక్కుపోయారు. నేను ఇప్పుడు అక్కడి నుంచే మాట్లాడుతున్నాను.” ఆమె గొంతు తగ్గింది. “ఈ ఉదయం దాన్ని వేరే కారుకి బిగించేశారంట అంకుల్. అదే మోడల్. డ్రైవింగ్ నేర్పే ఒక ఇన్‌స్ట్రక్టర్‌ది. మధ్యాహ్నం నుంచి ఆయనకి వరసగా పాఠాలున్నాయంట, కారు తీసుకుని వెళ్ళిపోయాడు.”

రైలులో తాను కట్టిన లెక్క అంతా పరంధామయ్య కళ్ళముందు ఒక్కసారి తిరిగింది. అది తప్పయితే కొడుకు జైలుకు వెళతాడు. అది ఒప్పయితే, స్టీరింగు పట్టుకోవడం కూడా సరిగా రాని ఏ పిల్లో, ఏ పిల్లవాడో, మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ ఈ క్షణంలో ఎక్కడో రోడ్డుమీద ఉన్నారు.

“ఆయన ఫోను నంబరు ఉందా?”

నళిని అంకెలు చెప్పింది. జగదీష్ అప్పటికే తన హ్యాండ్‌ఫోను తీసి, తండ్రి నోటివెంట వచ్చిన ఒక్కొక్క అంకెనూ నొక్కుతున్నాడు. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. సూరమ్మ లేచి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

“రింగ్ అవుతోంది,” అన్నాడు జగదీష్.

“ఎత్తాడా?” అని ఈ ఫోనులో నళిని అడిగింది. ఆమె వెనుక ఎవరో మనిషి ఏదో అన్నాడు. నళిని దానిని విని పరంధామయ్యకు చెప్పింది. పాఠం నడుస్తున్నంతసేపూ ఆయన ఫోను ఎత్తడట. నేర్చుకునేవాళ్ళు బెదిరిపోతారని దానిని డిక్కీలో సంచిలో పెట్టి తాళం వేస్తాడట.

జగదీష్ చెవి దగ్గర అది ఇంకా మోగుతూనే ఉంది.